బస్సా, షేర్ ఆటోనా, స్కూటరా: బెజవాడలో నెలకు ఏది గిట్టుబాటు?

బస్సు ఛార్జీల మాట ఎత్తితే చాలు, విజయవాడలో ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మండటంలో తప్పేమీ లేదు. 2019 డిసెంబరు 11న ఆర్టీసీ ఛార్జీలు పెరిగాయి: పల్లెవెలుగులో కిలోమీటరుకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్‌లో 20 పైసలు. సరిగ్గా మూడు వారాలకు, 2020 జనవరి 1న, ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. జీతాలు ప్రభుత్వం ఇచ్చేటప్పుడు మా జేబులు తడమడం ఎందుకని జనం అడిగారు. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు వచ్చింది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీలో టికెట్టుకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5, పై తరగతుల్లో 10. పల్లెవెలుగు కనీస ఛార్జీ 10 రూపాయలైంది. టోకున కొనే డీజిల్ ధర బంకు ధరను దాటిపోయిందని అప్పుడు చెప్పారు. అది నిజమే, ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సులు బయటి బంకుల ముందు వరుస కట్టాయి. కానీ మే నెలలో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు 6 రూపాయలు తగ్గిస్తే, జూలై 1న ఇక్కడ సెస్సు మళ్లీ పెరిగింది. విజయవాడ, విశాఖపట్నం సిటీ ఆర్డినరీలను మాత్రం ఆ రెండో విడత నుంచి వదిలిపెట్టారు.

పైసల్లో చెబితే చిన్నగా వినిపిస్తుంది కాబట్టి గుంటూరు నుంచి రోజూ విజయవాడ వచ్చి పోయే ఉద్యోగి లెక్క వేద్దాం. దూరం దాదాపు 35 కిలోమీటర్లు. కిలోమీటరుకు 20 పైసలంటే ఒకవైపు 7 రూపాయలు. దాని మీద 5 రూపాయల సెస్సు. రెండు వైపులా కలిపి రోజుకు 24, నెలకు పాతిక రోజులు తిరిగితే 600 రూపాయలు. జూలై పెంపు ఇందులో కలపలేదు. పదిహేను వేల జీతగాడికి ఆరు వందలంటే చిన్న మొత్తం కాదు.

కోపం సంగతి అలా ఉంచి, రేపు ఉదయం ఎలా వెళ్లాలన్నది చూడాలి. నేను చూసినంతవరకు చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. బస్సు టికెట్టు ఐదు రూపాయలు పెరిగిందని విసుగెత్తి స్కూటరు కొంటారు, లేదా షేర్ ఆటోలకు అలవాటు పడతారు. బస్సు టికెట్టును ఆటో ఛార్జీతో పోల్చి చూస్తారు తప్ప, ఇంటి గుమ్మం నుంచి పని చోటు దాకా అయ్యే మొత్తాన్ని పోల్చరు. విజయవాడలో నెల ఖర్చును తలకిందులు చేసేది బస్సు టికెట్టు కాదు, దానికి అటూ ఇటూ తగిలే పది రూపాయల ఆటో.

పోరంకి నుంచి వన్‌టౌన్: ఒక లెక్క

పోరంకిలో ఇల్లు, వన్‌టౌన్‌లో వస్త్రలత దగ్గర బట్టల దుకాణంలో పని. దూరం సుమారు 12 కిలోమీటర్లు, నెలకు 26 రోజుల పని. కింద వేసుకున్న ఛార్జీలు లెక్క కోసం అనుకున్నవే, వాటి స్థానంలో మీ టికెట్టు మీద ఉన్న అంకె పెట్టుకోండి.

సిటీ ఆర్డినరీలో ఒకవైపు 25 రూపాయలు అనుకుంటే నెలకు 1,300. ఇల్లు బందరు రోడ్డుకు నడక దూరంలో ఉండి, అటు దిగిన చోటు నుంచి దుకాణానికీ నడిచి వెళ్లగలిగితే ఇక్కడితో సరి. ఇల్లు లోపలి కాలనీలో ఉండి రోడ్డు మీదకు రావడానికి ఆటో ఎక్కితే రోజుకు మరో 20, నెలకు 520. మొత్తం 1,820 అయింది. ఇప్పుడు స్కూటరు చూడండి. రోజుకు 24 కిలోమీటర్లు, నెలకు 624. ఊళ్లో లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి అయితే 14 లీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. లీటరు 110 రూపాయల లెక్కన సుమారు 1,525. అంటే నడిచి బస్సెక్కేవాడికి స్కూటరు కంటే బస్సు చవక, ఆటో ఎక్కి బస్సెక్కేవాడికి పెట్రోలు ఖర్చొక్కటే చూస్తే స్కూటరే చవక.

మొత్తం దారి షేర్ ఆటోల్లోనే వెళ్తే? పోరంకి నుంచి బెంజి సర్కిల్, అక్కడి నుంచి బస్టాండు, అక్కడి నుంచి వన్‌టౌన్. మూడు ఆటోలకు కలిపి ఒకవైపు 45 అనుకున్నా నెలకు 2,340. ఎక్కిన ప్రతిసారీ పది, ఇరవై మాత్రమే చేతి నుంచి పోతుంది కాబట్టి నెలాఖరుకు ఎంతయిందో ఎవరికీ తెలియదు. టికెట్టు ఉండదు, లెక్కా ఉండదు.

అందుకే నా మొదటి సలహా డబ్బుతో సంబంధం లేనిది. మీ ఇంటి నుంచి బస్టాపుకు ఎంత దూరమో ఒకసారి నడిచి చూడండి. కిలోమీటరు లోపు అయితే ఆటో మానేయండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బెజవాడలో నడవమని ఎవరికీ చెప్పను, కానీ ఉదయం ఎనిమిదికి, రాత్రి ఏడు దాటాక నడవడానికి మే నెలలోనూ ఇబ్బంది లేదు.

స్టేజీ, చిల్లర

ఆర్టీసీ టికెట్టు మీరు ప్రయాణించిన కిలోమీటర్లను కొలిచి ఇచ్చేది కాదు, స్టేజీల లెక్కన ఇచ్చేది. స్టేజీ హద్దు దాటి ఒక్క స్టాపు ముందుకు వెళ్లినా తర్వాతి స్టేజీ ఛార్జీ పడవచ్చు. మీరు దిగే స్టాపు హద్దుకు అవతల ఉందో ఇవతల ఉందో కండక్టర్‌ను అడిగితే చెబుతారు. ఒక స్టాపు ముందు దిగి ఐదు నిమిషాలు నడిస్తే 5 రూపాయలు మిగిలే దారులు ఊళ్లో ఉన్నాయి. రెండు పూటలా మిగిలితే నెలకు 260. బస్సు ఎక్కే చోట కూడా ఇదే చూసుకోవచ్చు.

చిల్లర బాధ ఛార్జీల బాధకు కవల. ఇరవై ఐదుకు యాభై ఇస్తే కండక్టరు టికెట్టు తిప్పి వెనకాల 25 అని గీసి, చుట్టూ సున్నా చుట్టి, దిగేటప్పుడు తీసుకోమంటారు. బెంజి సర్కిల్ దగ్గర జనం తోసుకుంటూ దిగేటప్పుడు ఆ పాతిక గుర్తుకు రాదు, గుర్తొచ్చేసరికి బస్సు కదిలిపోయి ఉంటుంది. ఫోనుతో చెల్లించే వీలున్న బస్సులో అలాగే చెల్లించండి. లేకపోతే సరిపడా చిల్లర ముందే జేబులో వేసుకోండి. ఈ గొడవలో ఎక్కువ తిట్లు తినేది కండక్టరు. ఛార్జీ నిర్ణయించేది ఆయనా కాదు, డిపో మేనేజరూ కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షను ఆ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. అర్జీ పెట్టదలిస్తే రవాణా శాఖకు, మీ శాసనసభ్యుడికి పెట్టండి. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కిన మనిషి మీద అరిచినందువల్ల ఒక్క పైసా తగ్గదు.

పాసు ఎవరికి?

నెల పాసు ధరను మీ రోజు ఖర్చుతో భాగించండి. వచ్చిన అంకె 20 కంటే తక్కువైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 20 నుంచి 24 మధ్య అయితే ఆలోచించాలి. సంక్రాంతి, దసరా నెలల్లో సెలవులు, ఊరి ప్రయాణాలు పోగా మిగిలే పనిదినాలు ఎన్నో చూసుకోండి. అంతకు మించితే రోజూ టికెట్టే మేలు. అయితే ఇందులో మరొకటి ఉంది. పాసు చేతిలో ఉంటే మధ్యాహ్నం బీసెంట్ రోడ్డుకు, సాయంత్రం బంధువుల ఇంటికి, ఆదివారం గుడికి వెళ్లే బస్సుకు విడిగా డబ్బు పెట్టనక్కరలేదు. ఊరంతా తిరిగే పని ఉన్నవారికి, అంటే మందుల కంపెనీ ప్రతినిధులకు, వసూళ్లకు తిరిగేవారికి, భాగహారం అక్కరలేకుండానే పాసు లాభం.

ఆర్డినరీ పాసా, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసా అంటే, మీ స్టాపులో నిలబడి చూసి తేల్చుకోవాలి. ఆర్డినరీ పాసు మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో చెల్లదు. మీరు వెళ్లే దారిలో వచ్చేవన్నీ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లే అయితే చవక పాసు జేబులో ఉన్నా వచ్చిన బస్సును వదిలేసి నిలబడాలి. అప్పుడు ఆగలేక షేర్ ఆటో ఎక్కుతారు, పాసుకు పెట్టిన డబ్బూ పోయె, ఆటోకూ పెట్టె. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు మీద ఉన్నవారికి ఆర్డినరీతో సాగిపోతుంది. ప్రధాన రోడ్ల నుంచి లోపలికి పోయిన కాలనీల్లో ఉన్నవారు బస్సులు వచ్చే వేళలు గమనించకుండా ఏ పాసూ తీసుకోవద్దు.

స్కూటరు లెక్క 2025 ఆగస్టు 15 తర్వాత మారింది

స్కూటరుకు అనుకూలంగా చెప్పే గొప్ప వాదన ఒకటుండేది: ఇద్దరం వెళ్తాం, కాబట్టి సగం ఖర్చు. భర్త వన్‌టౌన్‌లో పని చేస్తూ భార్యను దారిలో ఆఫీసు దగ్గర దింపితే, బస్సులో రెండు టికెట్లు, స్కూటరు మీద ఒకటే పెట్రోలు. ఆ వాదనలో ఇప్పుడు పస తగ్గింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు వంటి గుర్తింపు చూపిస్తే సున్నా రూపాయల టికెట్టు ఇస్తారు. ట్రాన్స్‌జెండర్లకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి ఇంట్లో ఇద్దరు పని చేస్తున్నా బస్సు ఖర్చు ఒక్కరిదే. స్కూటరును ఆ ఒక్క టికెట్టుతోనే పోల్చాలి.

పెట్రోలు కాక బండికి అయ్యే ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు. ఇంజిను ఆయిలు, టైర్లు, బీమా, బ్రేకులు, పంక్చర్లు అన్నీ ఏడాదికి కూడి పన్నెండుతో భాగిస్తే నెలకు ఐదు వందలకు అటూ ఇటూ వస్తుంది. వాయిదాల మీద కొన్న బండి అయితే ఆ వాయిదా ఒక్కటే బస్సు ఖర్చును దాటిపోతుంది. వన్‌టౌన్ సందుల్లో బండి పెట్టుకోవడానికి చోటు వెతకడం వేరే కథ. ఇప్పటికే బండి ఉన్నవారి మాట వేరు. వారు అడగాల్సింది ఇంతే: ఈ నెల పెట్రోలు బిల్లు బస్సు ఖర్చుకంటే ఎంత ఎక్కువ, ఆ తేడాకు నాకు ఎంత సమయం మిగులుతోంది? రోజుకు గంట మిగిలితే మూడు నాలుగు వందల తేడా పెట్టుకోవచ్చు. పావుగంట కోసం అయితే నేను పెట్టను.

విద్యుత్ స్కూటరు కొనాలనుకునేవారు ప్రచారంలో చెప్పే కిలోమీటరుకు పావలా మాటను అలాగే నమ్మవద్దు. వంద కిలోమీటర్లకు మూడు యూనిట్లు, ఛార్జింగులో వృథా అయ్యేది కలిపితే 624 కిలోమీటర్లకు 22 యూనిట్లు అనుకోండి. ఈ యూనిట్లు మీ ఇంటి వాడకం పైన వచ్చి కూర్చుంటాయి. మన దగ్గర కరెంటు ధర శ్లాబుల్లో ఉంది: 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆ పైన 9.75. వేసవిలో ఏసీ నడిచే ఇంట్లో స్కూటరు తాగే కరెంటు పై శ్లాబులోనే పడుతుంది. 6 రూపాయల శ్లాబులో 132 రూపాయలయ్యేది 8.75 శ్లాబులో 190 దాటుతుంది. సర్దుబాటు ఛార్జీలు దాని మీద అదనం. అయినా పెట్రోలుతో పోలిస్తే ఇది ఎంతో తక్కువ, అందులో అనుమానం లేదు. అసలు బరువు బండి ధరలో ఉంది. రోజుకు పాతిక కిలోమీటర్ల లోపు తిరిగేవారు, బస్సు ఛార్జీ పెరిగిందన్న ఒక్క కారణంతో దాన్ని కొంటే పెట్టిన సొమ్ము రాబట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

షేర్ ఆటో: ఎప్పుడు ఎక్కాలి

షేర్ ఆటోను తీసిపారేయను. చెయ్యెత్తితే ఆగుతుంది, బస్సు వెళ్లని సందుల్లోకి వెళ్తుంది, రాత్రి చివరి బస్సు పోయాక దిక్కు అదే. బస్టాండు నుంచి రైల్వే స్టేషను వంటి పొట్టి దూరాలకు బస్సు కోసం ఎదురుచూడటం కంటే అదే మేలు. వానాకాలం రాత్రి బైక్ టాక్సీ యాప్‌లో ధర పెరిగిపోయినప్పుడు కూడా షేర్ ఆటోవాడు రోజూ తీసుకునేదానికి ఐదో పదో కలిపి ఊరుకుంటాడు.

రోజువారీ ప్రయాణానికి మాత్రం వద్దనే చెబుతాను. ముగ్గురు కూర్చునే ఆటోలో వెనక నలుగురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. ముందు కూర్చున్న మనిషి ఒక కాలు బయట పెట్టి, ఒక చేత్తో పై కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో టిఫిను సంచీ కాపాడుకుంటూ రామవరప్పాడు రింగు తిరగడం ఊళ్లో రోజూ కనిపించేదే. పరిమితి మించి ఎక్కించుకున్న బండికి ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి. ఆటోవాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే. ఆడవాళ్లంతా ఉచిత బస్సులకు మళ్లడంతో వారి బేరాలు పడిపోయాయి. అందుకే 2025 అక్టోబరు 4న ప్రభుత్వం ఆటో డ్రైవర్ల సేవలో పథకం కింద ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. ఉన్న బేరాల్లోనే ఇల్లు గడవాలి కాబట్టి బండి పూర్తిగా నిండేదాకా కదలరు. ఆ నిండే సమయాన్ని కూడా మీ లెక్కలో వేసుకోండి.

ఉచిత బస్సు వచ్చాక మగవాళ్ల నోట తరచుగా వినే మాట ఒకటుంది: డబ్బులిచ్చి మేము నిలబడాలా? నిలబడటం నిజమే, ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది దాకా బందరు రోడ్డు బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. కానీ ఆ సీట్లో కూర్చున్న అమ్మాయి వల్ల మీ ఛార్జీ పెరగలేదు. జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. అడగాల్సింది మరిన్ని బస్సులు. ఈలోగా వీలైతే పని వేళ అరగంట ముందుకో వెనక్కో జరుపుకోండి, అదే బస్సులో సీటు దొరుకుతుంది.

గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవారికి

ఇక్కడ నా ఓటు రైలుకే, ఒక షరతు మీద. కోవిడ్ తర్వాత ప్యాసింజర్ రైళ్లకు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ వసూలు చేసినన్నాళ్లు కనీస టికెట్టు 30 రూపాయలు ఉండేది. 2024 ఫిబ్రవరిలో అది మళ్లీ 10 రూపాయలకు దిగింది. 2025 జూలైలో రైలు ఛార్జీలు సవరించినప్పుడూ ఆర్డినరీ సెకండ్ క్లాసులో 500 కిలోమీటర్ల లోపు ప్రయాణం జోలికి, సీజన్ టికెట్ల జోలికి రాలేదు. బస్సు ఛార్జీలు పైకి పోతున్న కాలంలో ప్యాసింజర్, మెము రైళ్ల టికెట్టు తగ్గడం అరుదైన సంగతి. రోజూ తిరిగేవారు నెల సీజన్ టికెట్టు తీసుకుంటే ఇంకా కలిసొస్తుంది. అది రిజర్వేషన్ బోగీల్లో చెల్లదన్నది గుర్తుంచుకోవాలి.

షరతు ఏమిటంటే, రెండు చివర్లా స్టేషను మీకు దగ్గర కావాలి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఉన్నవారికి స్టేషను పక్కనే. విజయవాడలో గవర్నర్‌పేట, గాంధీనగర్‌లలో పని అయితే దిగి నడిచిపోవచ్చు. మంగళగిరిలోనూ స్టేషను ఉంది కాబట్టి అక్కడివారికీ పనికొస్తుంది. పని ఆటోనగర్‌లోనో బెంజి సర్కిల్ దగ్గరో అయితే స్టేషను నుంచి మళ్లీ ఆటోకు పెట్టే డబ్బు రైల్లో మిగిలినదాన్ని తినేస్తుంది. పైగా రైలు వేళ తప్పితే తర్వాతి రైలు దాకా ఆగాలి, కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నలు కోసం నిలబడే నిమిషాలు ఎన్నో ఎవరూ ముందుగా చెప్పలేరు. హాజరు పట్టీలో పది నిమిషాల ఆలస్యానికి సగం రోజు జీతం కోసే చోట పని చేస్తుంటే రైలును నమ్ముకోవద్దు.

అప్పుడు బస్సే. ఇక్కడ ఆడవాళ్ల ఎంపిక వేరు, మగవాళ్ల ఎంపిక వేరు. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఉచితం, నాన్‌స్టాప్‌లో కాదు, అల్ట్రా డీలక్సులోనూ కాదు. ఉదయం పూట బస్టాండులో ఎక్కేవారికి ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకవచ్చు, దారిలో పెదకాకాని దగ్గరో తాడేపల్లి దగ్గరో ఎక్కేవారు నిలబడటానికి సిద్ధపడాలి. నా సలహా: వెళ్లేటప్పుడు ఉచిత ఎక్స్‌ప్రెస్, సాయంత్రం అలసిపోయిన రోజున మాత్రం టికెట్టు పెట్టి నాన్‌స్టాప్. రోజూ రెండు పూటలా నాన్‌స్టాప్ ఎక్కే అమ్మాయి ఏడాదికి వదులుకునే సొమ్ము చిన్నది కాదు. మగవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌కూ నాన్‌స్టాప్‌కూ టికెట్టు తేడా ఎంతో చూసుకోండి, పది రూపాయల లోపు ఉంటే కూర్చుని వెళ్లే బస్సే మంచిది. పల్లెవెలుగు చవక, కానీ ఊరూరా ఆగుతుంది. మంగళగిరికో నంబూరుకో వెళ్లేవారికి తప్ప ఈ దారిలో అది పొదుపు కాదు.

ఈ దారిలో మోటారు సైకిలును చాలామంది కుర్రాళ్లు ఎంచుకుంటున్నారు. కాజ టోల్ దగ్గర ద్విచక్ర వాహనానికి రుసుము లేదు, నిజమే. రోజుకు 70 కిలోమీటర్లు లారీల మధ్య జాతీయ రహదారి మీద, రాత్రి పూట కూడా. నేను దీన్ని డబ్బు లెక్కలోకే తీసుకోను.

చివరగా, అరవై దాటినవారికి ఆర్టీసీ బస్సుల్లో 25 శాతం రాయితీ ఉంది. వయసు రుజువు చూపించాలి, అడగాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, పన్నెండేళ్ల దాకా అర టికెట్టు. ఆదివారం కుటుంబమంతా దుర్గమ్మ గుడికి వెళ్తున్నారనుకోండి: తల్లికి, కూతురికి ఉచితం, తాతయ్యకు రాయితీ, పిల్లవాడికి అర టికెట్టు, నిండు టికెట్టు తండ్రికి ఒక్కడికే. ఆటో మాట్లాడుకునే ముందు ఈ కూడిక వేసి చూడండి.